చేతికి తెలిసే స్విచ్చు



ఈమధ్య ఏ ఊళ్లో చూసినా కార్ల బంపర్లకు, జీపుల నెత్తిన, ట్రాక్టర్ల మడ్‌గార్డుల మీద, ఆఖరికి మోటారు సైకిళ్ల గార్డులకు కూడా అదనపు ఎల్ఈడీ లైట్లు కనిపిస్తున్నాయి. అందులోనూ రంగు మారేవి. ఒకసారి తెలుపు, ఇంకోసారి పసుపు, మరోసారి రెండూ కలిపి. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో ఏ కొట్టు ముందు ఆగినా సరే, జత లైట్లు, ఒక స్విచ్చు, కొంచెం తీగ ఇచ్చి అరగంటలో బిగించి పంపిస్తారు. లైటు గురించి కొనేవాళ్లు సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. ఎన్ని వాట్లు, ఎంత దూరం కొడుతుంది, వానకు తట్టుకుంటుందా, గ్యారంటీ ఎన్నాళ్లు? స్విచ్చు గురించి మాత్రం ఒక్క మాట అడగరు. కొట్టతను ఏది చేతిలో పెడితే అదే. ఈ కాసేపూ నేను ఆ స్విచ్చు గురించే మాట్లాడబోతున్నాను. వీలైతే ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. రేడియోలో బొమ్మ గీసి చూపించలేను కదా, మీ చేత గీయిస్తాను.

ముందు లైటు సంగతి. బజారులో దొరికే రంగు మారే లైట్లలో ప్రధానంగా రెండు జాతులున్నాయి. కొనేముందు వెనక నుంచి వచ్చే తీగలు లెక్కపెట్టండి. రెండే తీగలుంటే, రంగు మార్చే పని లైటు లోపలున్న చిన్న సర్క్యూటు చేస్తుందని అర్థం. కరెంటు ఆపి మళ్లీ ఇచ్చినప్పుడల్లా అది ఒక మెట్టు జరుగుతుంది. తెలుపు, ఆ తర్వాత పసుపు, ఆ తర్వాత రెండూ, మళ్లీ తెలుపు. మూడు తీగలుంటే సాధారణంగా ఒకటి ఎర్త్, ఒకటి తెలుపుకి, ఒకటి పసుపుకి. సాధారణంగా అన్నాను, ఎందుకంటే కొన్నిటిలో మూడో తీగ టపటపా మెరిసే ఫ్లాషింగుకి ఇస్తారు. కొట్టు దగ్గరే బ్యాటరీ మీద పెట్టి చూపించమని అడగండి.

రెండు తీగల రకమే ఎక్కువ అమ్ముడుపోతుంది. బిగించడం తేలిక, మామూలు ఆన్-ఆఫ్ స్విచ్చు చాలు. నా ఓటు మాత్రం దానికి లేదు. ఎందుకో చెప్తాను.

డిసెంబరులో తెల్లవారుజామున పాడేరు ఘాటు ఎక్కుతున్నారనుకోండి. కింద రోడ్డు తేటగానే ఉంది, తెల్ల లైటు వేసుకుని వస్తున్నారు. ఒక మలుపు తిరిగేసరికి మంచు కమ్మేసింది. పసుపు కావాలి. స్విచ్చు ఆపి వేశారు. పసుపు వచ్చింది, బాగానే ఉంది. నాలుగు మలుపులు దాటాక మంచు విడిపోయింది, మళ్లీ తెలుపు కావాలి. ఇప్పుడు ఒకసారి ఆపి వేస్తే వచ్చేది తెలుపు కాదు, రెండూ కలిపి. ఇంకోసారి ఆపి వేయాలి. ప్రతిసారీ మధ్యలో కాసేపు ఆ లైటు లేదు. గంటకు నలభై కిలోమీటర్ల వేగంలో అర సెకను చీకటి అంటే బండి అయిదున్నర మీటర్లు గుడ్డిగా వెళ్లినట్టే. హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది కదా అనొచ్చు. నిజమే. కానీ కళ్లు ఎక్కువ వెలుగుకి అలవాటుపడి ఉన్నాయి, చుట్టూ మంచు, పక్కన లోయ. పైగా మీ బుర్ర రోడ్డు మీద లేదు, ఇప్పుడు ఎన్నో మెట్టులో ఉన్నామా అన్న లెక్కలో ఉంది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. లోపలి సర్క్యూటుకి కరెంటు ఆగిందని మాత్రమే తెలుసు, ఎందుకు ఆగిందో తెలియదు. తీగలు కలిపే కప్లరు వదులైందనుకోండి, గుంతలో చక్రం పడినప్పుడు కరెంటు ఒక్క క్షణం తెగుతుంది. మీరు చెయ్యి పెట్టకుండానే రంగు మారిపోతుంది. జతలో ఒకదాని కప్లరు మాత్రమే వదులైతే, ఎడమ కన్ను తెలుపు, కుడి కన్ను పసుపు! ఇలాంటి బండ్లు రాత్రిపూట హైవే మీద మీకు ఎదురయ్యే ఉంటాయి. కొత్త ఫ్యాషను కాదది, వదులు కప్లరు. చాలా లైట్లలో స్విచ్చు ఆపి కొన్ని సెకన్లు ఆగి వేస్తే రెండూ మళ్లీ మొదటి మెట్టు నుంచి కలిసి మొదలవుతాయి. అది తాత్కాలికమే. కప్లరు బాగుచెయ్యనిదే మళ్లీ అదే కథ.

అందుకని నా సలహా: మూడు తీగల లైటు తీసుకోండి. దానికి నడిమి ఆఫ్ ఉండే మూడు స్థానాల స్విచ్చు పెట్టండి. పైకి నొక్కితే తెలుపు, కిందికి నొక్కితే పసుపు, మధ్యలో ఉంటే ఏదీ లేదు. చీకట్లో, కళ్లు రోడ్డు మీద నుంచి తిప్పకుండా, వేలు పెట్టి తడిమితే ఏ రంగు వెలుగుతోందో తెలియాలి. వెయ్యకముందే ఏది వెలగబోతోందో కూడా తెలియాలి. ఇదొక్కటి దృష్టిలో పెట్టుకుంటే మిగతా వైరింగు అంతా దాని వెనకే నడుస్తుంది.

పసుపు అంటున్నాను కాబట్టి ఒక అపోహ సంగతి కూడా చెప్పేస్తాను. పసుపు లైటు మంచును చీల్చుకుని పోతుందని డ్రైవర్లు అంటారు, అమ్మేవాళ్లూ అంటారు. భౌతికశాస్త్రం ఒప్పుకోదు. పొగమంచు బిందువు పది మైక్రాన్ల పరిసరాల్లో ఉంటుంది. కంటికి కనిపించే వెలుగు తరంగం పొడవు అర మైక్రాను చుట్టుపక్కలే. అంత పెద్ద బిందువు ఎరుపునైనా, పసుపునైనా, నీలాన్నైనా ఇంచుమించు ఒక్కలాగే చెదరగొడుతుంది. ఆకాశం నీలంగా ఎందుకుందో చెప్పే సూత్రం గాలి అణువులకు సంబంధించింది, దాన్ని తెచ్చి మంచు బిందువులకు అతికించకూడదు. మరి ఫ్రాన్సులో 1930ల చివరి నుంచి 1993 దాకా కార్ల హెడ్‌లైట్లు పసుపు రంగులోనే ఉండాలని ఎందుకు పట్టుబట్టారు? వెలుగులోంచి నీలం తీసేస్తే ఎదుటివాళ్ల కళ్లకు మిరుమిట్లు తగ్గుతాయని. మనకు పనికొచ్చేది కూడా ఆ గుణమే. తెల్ల ఎల్ఈడీ అంటే నీలం చిప్పు మీద పసుపు ఫాస్ఫర్ పూత. ఆ నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. నీలం పాలు ఎక్కువున్న తెలుపు మంచు తెర మీద పడి తిరిగొచ్చి మన కళ్లలోనే కొడుతుంది. పసుపులో ఆ బాధ కాస్త తక్కువ. రంగు కంటే ముఖ్యమైంది లైటు ఎత్తు. బంపరు కింద, నేలకు దగ్గరగా, వెడల్పుగా పరుచుకునేలా బిగిస్తే ఏ రంగైనా కొంత మేలు చేస్తుంది. బండి నెత్తిన పెడితే పసుపు కూడా మంచు గోడనే చూపిస్తుంది.

ఇక వైరింగు. బ్యాటరీ నుంచి తీగ తెచ్చి, డ్యాష్‌బోర్డులో స్విచ్చు గుండా తిప్పి, లైటు దాకా లాక్కెళ్లడం మనవాళ్లలో బాగా పాతుకుపోయిన పద్ధతి. పనిచేస్తుంది, కొన్నాళ్లు. లెక్క చూడండి. నిజంగా నలభై వాట్లు లాగే లైట్లు రెండు అంటే ఎనభై వాట్లు. పన్నెండు వోల్టుల దగ్గర అది ఏడు ఆంపియర్లకు కాస్త తక్కువ. 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్న తీగ మీటరుకి సుమారు 35 మిల్లీ ఓములు అడ్డం పడుతుంది. బ్యాటరీ నుంచి లోపలికి, మళ్లీ బయటికి అయిదు మీటర్లు తిరిగితే తీగలోనే దాదాపు 1.2 వోల్టులు పోతాయి. పాత ఫిలమెంటు బల్బు అయితే మసకబారి ఆ సంగతి మనకు చెప్పేది. మంచి డ్రైవరు సర్క్యూటున్న ఎల్ఈడీ అలా చెప్పదు. వోల్టేజి తగ్గితే ఇంకొంచెం కరెంటు ఎక్కువ లాగి తన వెలుగు తాను నిలబెట్టుకుంటుంది. అంటే తీగ ఇంకా వేడెక్కుతుంది, లైటు మాత్రం నిక్షేపంగా వెలుగుతూ ఉంటుంది. చాలాసార్లు తీగ తొడుగు కరిగి వాసన వచ్చేదాకా యజమానికి అనుమానమే రాదు.

వాట్ల గురించి ఒక మాట. పెట్టె మీద అచ్చేసిన అంకెను నమ్మకండి. నూటఇరవై వాట్లని రాసిన లైటు అందులో సగం కూడా లాగకపోవడం మామూలే. ఎలక్ట్రీషియన్ దగ్గరున్న మీటరు ఆంపియర్ల మీద పెట్టి, లైటుతో వరసగా బ్యాటరీకి కలిపి, నిజంగా ఎంత లాగుతోందో చూడమనండి. తీగ మందం, ఫ్యూజు రెండూ ఆ అంకెను బట్టే ఎంచుకోవాలి.

చిన్న స్విచ్చులకు ఇంకో గండం కూడా ఉంది. వాటి వెనక ఇన్ని ఆంపియర్లు, ఇన్ని వోల్టులు ఏసీ అని రాసి ఉంటుంది. ఇంటి కరెంటు సెకనుకి వందసార్లు సున్నా దాటుతుంది, ఆ క్షణంలో నిప్పురవ్వ దానంతటదే ఆరిపోతుంది. బండిలోది డీసీ, దానికి సున్నా లేదు. కాబట్టి ఏసీ అంకెను బండికి యథాతథంగా వాడుకోకూడదు. పైగా ఎల్ఈడీ డ్రైవరులో కెపాసిటర్లుంటాయి. స్విచ్చు వేసిన క్షణంలో అవి గబుక్కున నిండుతాయి. ఆ ఊపుకి స్విచ్చు లోపలి కాంటాక్టులు నల్లబడి గుంటలు పడతాయి. అప్పుడు స్విచ్చు రెండుసార్లు నొక్కితే గానీ వెలగదు. నొక్కే చెయ్యి తప్పనుకుంటాం.

దీనికి విరుగుడు రిలే. మేస్త్రీ కేక వేస్తాడు, కూలీ బస్తా మోస్తాడు. స్విచ్చు మేస్త్రీ, రిలే కూలీ. స్విచ్చు గుండా పోయేది రిలే కాయిల్‌కి కావలసిన 150 నుంచి 200 మిల్లీ ఆంపియర్లే. లైటుకి కావలసిన అసలు కరెంటు బ్యాటరీ దగ్గర నుంచి రిలే గుండా నేరుగా పోతుంది, డ్యాష్‌బోర్డు గడప తొక్కదు.

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. కాగితం ఎడమ పక్క బ్యాటరీ గీయండి. ప్లస్ పక్కనే, జానెడు దూరం దాటకుండా, ఫ్యూజు పెట్టండి. మన ఏడు ఆంపియర్ల లైట్లకు పది ఆంపియర్ల ఫ్యూజు, అది ఎర్రగా ఉంటుంది. పదిహేనుది నీలం, ఇరవైది పసుపు, ముప్పైది ఆకుపచ్చ. ఫ్యూజు కాపాడేది లైటుని కాదు, తీగని. అందుకే అది బ్యాటరీ దగ్గరే ఉండాలి. లైటు దగ్గర పెడితే మధ్యలో తీగ ఎక్కడ గీసుకుపోయి బాడీకి తగిలినా అడిగే నాథుడు లేడు. ఫ్యూజు నుంచి రెండు రిలేలకి వెళ్లండి. రిలే కింద పిన్నుల దగ్గర అంకెలుంటాయి: 30, 85, 86, 87. జర్మనీ ప్రమాణం నుంచి వచ్చిన అంకెలవి, ఏ దేశం రిలేకైనా ఇంచుమించు అవే. ఫ్యూజు నుంచి వచ్చిన తీగ రెండు రిలేల 30కీ. మొదటి రిలే 87 నుంచి రెండు లైట్ల తెల్ల తీగలకీ, రెండో రిలే 87 నుంచి రెండు లైట్ల పసుపు తీగలకీ. రెండు రిలేల 85 ఎర్త్‌కి. మిగిలింది 86. మూడు స్థానాల స్విచ్చు పై పిన్ను నుంచి ఒక రిలే 86కి, కింది పిన్ను నుంచి రెండో రిలే 86కి. స్విచ్చు నడిమి పిన్నుకి తాళం తిప్పితేనే వచ్చే కరెంటు ఇవ్వండి. అప్పుడు బండి దిగి తాళం తీసుకుంటే లైటు దానంతటదే ఆరిపోతుంది. కొన్ని స్విచ్చుల్లో పైకి నొక్కితే కింది పిన్నుకి కరెంటు వస్తుంది. పైన పెట్టి మీటరుతో ఏ పిన్ను పలుకుతోందో చూశాకే తీగలు కలపండి.

వెలిగించే స్విచ్చు, రంగు స్విచ్చు విడివిడిగా కావాలంటే ఇంకో దారి ఉంది. అయిదు పిన్నుల రిలేలో 87ఏ అని ఒకటి అదనంగా ఉంటుంది. కాయిల్‌కి కరెంటు లేనప్పుడు 30, 87ఏ కలిసి ఉంటాయి, కరెంటు ఇవ్వగానే 30 వెళ్లి 87కి కలుస్తుంది. మొదట ఒక మామూలు నాలుగు పిన్నుల రిలే ఆన్-ఆఫ్‌కి పెట్టి, దాని 87 నుంచి ఈ అయిదు పిన్నుల దాని 30కి ఇచ్చి, 87ఏకి ఒక రంగు, 87కి ఇంకో రంగు కలపొచ్చు. దీనికీ రెండు రిలేలే పడతాయి గానీ స్విచ్చులు విడిపోతాయి: ఒకటి వెలిగించడానికి, ఒకటి రంగుకి. ఇక్కడ 87ఏకి ఏ రంగు ఇవ్వాలన్నది ఆలోచించుకోవాలి. రేపు రంగు స్విచ్చు తీగ తెగిపోయిందంటే మీకు మిగిలేది ఆ రంగే. ఘాటు రోడ్లలో తిరిగేవాళ్లు పసుపు ఇవ్వండి, పొలం పనికి వాడేవాళ్లు తెలుపు ఇవ్వండి. ఏదో ఒకటిలే అని వదిలేసే విషయం కాదు.

లోపల చిన్న దీపం వెలిగే స్విచ్చు తెచ్చుకునేవాళ్లు జాగ్రత్త. దానికి మూడు పిన్నులుంటాయి. ఒకటి కరెంటు వచ్చేది, ఒకటి పోయేది, మూడోది ఆ చిన్న దీపానికి ఎర్త్. చాలావాటిలో ఎర్త్ పిన్ను ఇత్తడి రంగులో, మిగతా రెండూ తెల్లగా ఉంటాయి. ఆ ఎర్త్ తీగని పొరపాటున కరెంటు పోయే పిన్నుకి తగిలించారంటే స్విచ్చు వెయ్యగానే ప్లస్ నేరుగా ఎర్త్‌లోకి వెళ్లిపోతుంది. ఫ్యూజు టప్పుమంటుంది. కొత్త ఫ్యూజు పెడతారు, మళ్లీ టప్. మూడోసారి విసుగొచ్చి ఫ్యూజు చోట వెండి కాగితం చుడతారు. బండ్లు తగలబడటానికి అలాంటి వెండి కాగితాలు కూడా కారణమే. ఫ్యూజు రెండుసార్లు పోయిందంటే అది ఏదో చెబుతోంది, వినాలి.

ఎర్త్ సంగతి తేలిగ్గా తీసేస్తాం. నల్ల తీగ కొస ఒలిచి, దగ్గర్లో కనిపించిన బోల్టు కింద దూర్చి బిగించేస్తాం. ఆ బోల్టు కింద రంగు పూత ఉంటుంది, రంగు గుండా కరెంటు పోదు. గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా గీకి, తీగ కొసకి గుండ్రటి లగ్గు నొక్కి, పళ్ల వాషరు వేసి బిగించి, పైన కాస్త గ్రీజు రాయండి. వానాకాలం గోదావరి జిల్లాల్లో, సముద్రం పక్క ఊళ్లలో బండి తిప్పేవాళ్లకి ఈ గ్రీజే ఏడాదికి ఒక రిపేరు తప్పిస్తుంది. లైటు బలహీనంగా వెలిగినా, వణికినా ముందు చూడాల్సింది ఎర్త్‌నే, ఆ తర్వాతే లైటు మీద నింద వెయ్యాలి.

ఎదుటివాళ్ల కళ్ల సంగతి కూడా వైరింగులోనే తేల్చేయొచ్చు. దూరం కొట్టే లైటుకి స్విచ్చు నడిమి పిన్ను కరెంటుని, తాళం కరెంటుకి బదులు, హైబీమ్ తీగ నుంచి తీసుకోండి. అప్పుడు ఎదురుగా బండి వస్తే డిమ్ కొట్టగానే అదనపు లైటు కూడా ఆరిపోతుంది. వేరే స్విచ్చు వెతుక్కోవక్కర్లేదు, మరిచిపోవడమూ ఉండదు. లాగేది కాయిల్ కరెంటే కాబట్టి హైబీమ్ తీగ మీద బరువు పడదు. మంచుకి వాడే లైటుకి మాత్రం ఇలా చెయ్యకండి, మంచులో హైబీమ్ వెయ్యరు కదా, దానికి పార్కింగ్ లైటు తీగ నుంచి తీసుకోవాలి. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. కొన్ని బండ్లలో కంపెనీవాళ్లు హెడ్‌లైటుని ఎర్త్ వైపు నుంచి ఆపుతారు, అంటే తీగలో ప్లస్ ఎప్పుడూ ఉంటుంది. మీటరు పెట్టి చూడకుండా కలిపితే అదనపు లైటు ఆరనే ఆరదు. కొత్త కార్లలో అయితే లైట్ల కరెంటుని కంప్యూటరు ముక్కలు ముక్కలుగా, సెకనుకి ఎన్నోసార్లు ఆపి వేస్తూ పంపుతుంది. దానికి మామూలు రిలే కలిపితే టకటకా కొట్టుకుంటుంది. అలాంటి కార్లలో తీగలు కోసి కలపకండి. ఫ్యూజు పెట్టెలో ఖాళీ గది చూసి, ఫ్యూజు ట్యాప్ పెట్టి అక్కడి నుంచి తీసుకోండి. వారంటీ ఉన్నన్నాళ్లు ముందు షోరూములో ఒక మాట అడగడం కూడా మంచిది.

లారీలవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. లారీలో ఇరవై నాలుగు వోల్టులు, అంటే పన్నెండు వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి ఉంటాయి. పన్నెండు వోల్టుల లైటు చవగ్గా దొరికిందని, రెంటిలో ఒక్క బ్యాటరీ నుంచే తీగ లాగి వెలిగిస్తుంటారు. లైటు శుభ్రంగా వెలుగుతుంది. కానీ ఆ బ్యాటరీ రోజూ ఎక్కువ ఖాళీ అవుతుంది, పక్కది అంత ఖాళీ కాదు. ఛార్జింగు రెంటికీ కలిపే వస్తుంది కాబట్టి ఒకటి ఎప్పటికీ నిండదు, రెండోది అవసరానికి మించి మరుగుతుంది. కొన్నాళ్లకు జతకి జతే చెడిపోతుంది. పది నుంచి ముప్పై వోల్టుల దాకా పనిచేసే లైట్లు దొరుకుతాయి, అవే కొనండి. రిలే కూడా ఇరవై నాలుగు వోల్టులదే ఉండాలి.

పనికొచ్చే లైట్ల సంగతి అదీ. సరదా లైట్లు ఇంకో రకం, ఆర్‌జీబీ. లారీ క్యాబిన్లలో, ఆటోల సీట్ల కింద, కార్ల కాళ్ల దగ్గర పెట్టే రంగుల పట్టీలు. వీటి వైరింగు తలకిందులు. నాలుగు తీగలు వస్తాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఇంకొకటి నలుపో తెలుపో. బండిలో నలుపు అంటే ఎర్త్ అని మనకు అలవాటు. ఈ పట్టీల్లో చాలావాటికి నలుపే ప్లస్! మిగతా మూడు రంగుల తీగలూ మైనస్ వైపు. అందుకని స్విచ్చులు ఎర్త్ వైపు పెట్టాలి. రిమోటు, కంట్రోలరు లేకుండా మూడే మూడు చిన్న స్విచ్చులతో ఏడు రంగులు తెప్పించొచ్చు. ఒక్కోటీ విడిగా వేస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే పసుపు. ఆకుపచ్చ, నీలం కలిస్తే ఆకాశపు రంగు. ఎరుపు, నీలం కలిస్తే ముదురు గులాబీ. మూడూ వేస్తే తెలుపు. ఇంట్లో పిల్లలుంటే పాత బ్యాటరీ మీద పెట్టి చూపించండి, రంగులు కలిపి పసుపు పుట్టించడం వాళ్లకు భలే సరదా. పట్టీలో మూడేసి ఎల్ఈడీలు, ఒక రెసిస్టరు వరసగా పన్నెండు వోల్టులకి లెక్క కట్టి పెడతారు. లారీ ఇరవై నాలుగు ఇచ్చారంటే కాసేపు కళ్లు చెదిరేలా వెలిగి మాడిపోతుంది.

ఈ రంగుల సరదా బండి లోపలే ఉంచుకోండి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989 ప్రకారం బండి ముందు వైపు ఎర్ర లైటు చూపకూడదు. వెనక వైపు ఎరుపు తప్ప ఇంకోటి చూపకూడదు, నంబరు ప్లేటు లైటు, రివర్స్ లైటు లాంటి మినహాయింపులు తప్ప. ఎరుపు, నీలం, తెలుపు కలిసి మెరిసే దీపాలు పోలీసు, అగ్నిమాపక దళం వంటి అత్యవసర విధుల్లోని వాహనాలకే. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద కూడా ఎర్ర బుగ్గ తీయించేసిన దేశంలో మన కారు ముందు నీలం మెరిపిస్తామంటే ఎలా? ముందు భాగాన స్పాట్ లైటు, సెర్చ్ లైటు పెట్టకూడదని 111వ నియమం చెబుతుంది. ప్రత్యేక పరిస్థితులుంటే రిజిస్టరింగ్ అధికారి అనుమతి తీసుకోవాలి. 2019 సవరణ తర్వాత చట్టం ఒప్పుకోని మార్పు బండికి చేయిస్తే ఒక్కో మార్పుకి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. బిగించినవాళ్లకి కాదండీ, బండి యజమానికి. కాబట్టి ఏది ఎక్కడ బిగించవచ్చో ఆర్టీవో కార్యాలయంలో కనుక్కుని, కొట్టుకి ఆ తర్వాత వెళ్లండి.

బిగించడం అయిపోయాక చాలామంది స్విచ్చు వేసి, వెలిగింది కదా అని డబ్బులిచ్చి వచ్చేస్తారు. అలా రాకండి. ఇంజను ఆన్‌లో ఉంచి, లైట్లు ఒక రంగులో అరగంట వెలగనివ్వండి. తర్వాత రెండో రంగులో ఇంకో అరగంట. అప్పుడు ఆపి, చేత్తో ఒక్కొక్కటీ ముట్టుకుని చూడండి. ఫ్యూజు హోల్డరు, రిలే సాకెట్టు, కప్లర్లు, ఎర్త్ లగ్గు, స్విచ్చు వెనక పిన్నులు. రిలే ఒళ్లు గోరువెచ్చగా ఉండటం సహజం, కాయిల్ వేడి అది. లైటు వెనక అల్యూమినియం రెక్కలు వేడెక్కడం కూడా మంచిదే, లోపలి వేడి బయటికొస్తోందని అర్థం. ఫ్యూజు హోల్డరు గానీ, తీగల అతుకు గానీ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ అతుకు విప్పి మళ్లీ నొక్కించండి. టేపు చుట్టి సరిపెడతానంటే వినొద్దు. స్విచ్చు మాత్రం చల్లగా ఉండాలి. అది వెచ్చబడిందంటే ఎక్కడో రిలేని తప్పించి అసలు కరెంటుని దాని గుండానే పంపారన్నమాట. అప్పుడు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మీరు గీసుకున్న కాగితం చూపించి, మొదటి నుంచి మళ్లీ కలపమని అడగండి.